తనంతట తానే ర్యాంపు దిగిన కారు

2023 ఎండాకాలం. సూరత్‌లో బమ్రోలి వైపు, మిల్లుల వెనక ఉండే ఇరుకు గల్లీల్లో ఒకటి. అక్కడ ఒక ఇంటి ర్యాంపు మీద ఆపి ఉన్న కారు, లోపల మనిషి లేకుండానే వెనక్కి జారి, గల్లీ దాటి, ఎదురింటి ముసలమ్మ కాలు విరగ్గొట్టింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కారు మీద కాదు. వాలు ఎటుంటే అటు పోవడం తప్ప దానికేం తెలుసు? నా కోపమంతా ఆ ఇంట్లోవాళ్లు మాట్లాడిన తీరు మీద.

నా పని డ్రైవింగ్ నేర్పడం. మా నాయన సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చాడు, నేను ఇక్కడే పుట్టి పెరిగాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందులోనూ మన తెలంగాణ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మా కారుకు డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నట్టే నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. వాళ్లు తడబడితే నేను తొక్కుతాను. ఆ సౌకర్యం కారుకే గానీ ఇళ్లకు లేదు.

రజిత నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకతె. మనిషి పొట్టి, పట్టుదల పొడుగు. చీరలకు లేసు కుట్టే జాబ్‌వర్క్ చేసేది. దలాల్, అంటే మధ్యవర్తి, తెచ్చి పడేసిన మూటలు కుట్టి, మళ్లీ దలాల్‌కే ఇవ్వడం ఆ పని. మార్కెట్‌లో సేఠ్‌ల దగ్గరికి తానే వెళ్లి సరుకు తెచ్చుకుంటే దలాల్‌తో పని లేదని ఆమెకు తోచింది. అందుకోసమే కారు నేర్చుకుంది, తన కష్టంతో ఒక పాత చిన్న కారు కొనుక్కుంది. గల్లీలోని ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఆమెతో కలిసి కుట్టడం మొదలుపెట్టారు. ఆ కారు ఆగితే ముగ్గురి పనీ మళ్లీ దలాల్ గుమ్మం దగ్గరికే పోతుంది.

ఇక ర్యాంపు గురించి చెప్పాలి. తాపీ నది నీళ్లు ఒకసారి ఇళ్లల్లోకి వచ్చాక, ఈ ఊళ్లో ఇల్లు కట్టే ప్రతివాడూ పునాది ఎత్తు పెంచుకుంటూ పోయాడు. ఇల్లు పైకి పోయింది, గల్లీ కిందే ఉండిపోయింది. మధ్యలో బండి ఎక్కడానికి నిటారుగా ఒక ర్యాంపు. రజిత ఇంటి ర్యాంపు చూసిన మొదటిరోజే నేను, "ఇది ర్యాంపా, నిచ్చెనా?" అన్నాను. అందుకే దాని మీద కారు ఆపడం ప్రత్యేకంగా నేర్పాను. ఆమె వందసార్లు విసుక్కున్నా వదలకుండా చేయించాను.

ఒక సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. మాట్లాడే ముందు కాసేపు ఏడ్చింది.

"అక్కా, కారు ర్యాంపు మీదికెల్లి జారిపోయింది. ఎదురింటి బా కాలు ఇరిగింది. నేను గేర్లనే పెట్టిన అక్కా, ఒట్టు. హ్యాండ్‌బ్రేక్ గూడ గుంజిన. ఎవ్వలు నమ్ముతలేరు."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కారు ఇంకా అక్కడే ఉంది. ముక్కు సొంత ర్యాంపు వైపు, వెనక భాగం ఎదురింటి అరుగుకు ఆని, గల్లీకి అడ్డంగా. అరుగు ముందు ఆపి ఉన్న స్కూటర్‌ను అది గుద్దితే, ఆ స్కూటర్ పక్కనే కుర్చీలో కూర్చున్న కాంతాబా మీద పడిందట. ఆమె గుజరాతీ ముసలమ్మ, గుజరాతీలో బా అంటే అమ్మ. పొద్దంతా అరుగు మీద కూర్చుని గల్లీని కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆస్పత్రిలో చీలమండకు తాత్కాలికంగా కట్టు కట్టి, వాపు చూసి పూర్తి ప్లాస్టర్ వేస్తాం, పొద్దున మళ్లీ రమ్మన్నారట. నేను వెళ్లేసరికి ఆమె గుమ్మం దగ్గర, కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది.

రజిత మామ లింగయ్య నన్ను చూడగానే మొదలుపెట్టాడు. ఆయన లూమ్ కార్ఖానాలో చాలా ఏళ్లు చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు.

"నువ్వేనా నేర్పింది? ఏం నేర్పినవమ్మా? ఆడోళ్లకు కార్లు నేర్పుడు, జనం కాళ్లు ఇరుగుడు."

"ముందు కారు చూడనివ్వండి పెద్దాయనా" అన్నాను.

"చూసుడు ఏముంది? బ్రేక్ ఎయ్యకుంట దిగిపోయింది. గంతే గద. నేను ముందే జెప్పిన, ఆటో లేదా, బస్సు లేదా, మన ఇంట్ల ఆడపిల్లకు కారెందుకని. ఎవ్వలింటరు?"

రజిత భర్త రమేశ్ గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. అతను మగ్గాలు బాగుచేసే ఫిట్టర్. ఏ మగ్గం ఎందుకు ఆగిందో చప్పుడు విని చెప్పగల మనిషికి, ఈ కారు ఎందుకు జారిందో ఒకసారి తలుపు తీసి చూద్దామని తోచలేదు. పెళ్లాం తప్పని ఇంట్లో అందరూ అనేశాక ఇంక చూసేదేముంది? ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టుంది వాళ్ల వరస. రమేశ్ తమ్ముడు సంపత్ మాత్రం మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. మంచి పొడగరి. వరాఛాలో ఎంబ్రాయిడరీ కార్ఖానాకు పోతాడు.

"జారిన తర్వాత కారును ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాను.

"ఎవ్వల్ని ముట్టనియ్యలే" అన్నాడు లింగయ్య, మీసం దువ్వుతూ. "తాళం ఎయ్యలేదు, చెయ్యి పెట్టలేదు. అందరు సూడాలెనని అట్లనే ఉంచిన. చావి నిన్నటిసంది నా జేబుల్నే ఉన్నది."

ఆ ముక్క ఆయన నోటి నుంచే రావడం మంచిదైంది.

ఇక్కడ కాస్త ఆగి, ఆపిన కారు ఎలా ఆగి ఉంటుందో చెప్పాలి. ఆటోమేటిక్ కారులో పార్క్ అని ఒకటి ఉంటుంది, అందులో పెడితే లోపల చక్రం కట్టేసినట్టవుతుంది. మాన్యువల్ కారులో అది ఉండదు. మనం గేరు మార్చుకుంటూ నడిపే ఈ కార్లను ఆపి ఉంచేవి రెండే. ఒకటి హ్యాండ్‌బ్రేక్. మీట పైకి లాగితే ఒక తీగ బిగుసుకుని వెనక చక్రాల బ్రేకులను అదిమి పడుతుంది. లాగేటప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. సగం లాగి వదిలేస్తే సమనేల మీద సరిపోవచ్చు, వాలు మీద సరిపోదు. రెండోది గేరు. ఇంజన్ ఆపి గేరులో ఉంచితే చక్రం తిరగాలంటే ఇంజన్‌ను కూడా తిప్పాలి, అంత తేలిగ్గా తిరగదు. ముక్కు పైకి ఉంటే ఫస్ట్ గేరు, ముక్కు కిందికి ఉంటే రివర్స్. న్యూట్రల్‌లో ఉంచితే ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధమే ఉండదు, ఇక హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే దిక్కు.

వీటికి తోడు నేను ఇంకో రెండు చెబుతాను. స్టీరింగ్‌ను గోడ వైపు తిప్పి ఉంచమంటాను, ఒకవేళ జారినా గల్లీలోకి పోకుండా గోడకు తగిలి ఆగుతుంది. టైరు వెనక ఒక ఇటుక పెట్టమంటాను. రజిత ఇటుక మరిచిపోయేదేమో గానీ మిగతావి మరిచే రకం కాదు.

కారు తలుపు తీశాను. గేరు న్యూట్రల్‌లో ఉంది. హ్యాండ్‌బ్రేక్ మీట అరకొరగా లేచి ఉంది. ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయి. అన్నీ రజితకు వ్యతిరేకంగానే ఉన్నాయి. నా వెనకే వచ్చిన లింగయ్య, "సూసినవా?" అన్నాడు తృప్తిగా.

ఎందుకైనా మంచిదని లోపల కూర్చున్నాను. క్లచ్ తొక్కబోతే నా కాలు అందలేదు.

నేను రజిత కన్నా పొడుగు. రజిత కారు నడపాలంటే సీటును ముందుకు పోయినంతా జరిపి, వీపు వెనక ఒక దిండు పెట్టుకోవాలి. ఆ దిండు ఆమే కుట్టుకుంది, మిగిలిపోయిన లేసు అంచు వేసి మరీ. ఇప్పుడు సీటు పూర్తిగా వెనక్కి పోయి ఉంది. దిండు వెనక సీట్లో తలకిందులుగా పడి ఉంది.

"రజితా, ఇట్రా. నీ కారులో కూర్చో" అని నేను దిగాను.

ఆమె కూర్చుంది. కాళ్లు చాపినా పెడళ్లకు జానెడు దూరంలో ఆగిపోయాయి. గల్లీలో చూస్తున్నవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు. రజిత నవ్వలేదు. ఆమెకు అర్థమైంది. మెల్లగా తలెత్తి మెట్ల వైపు చూసింది.

"పెద్దాయనా" అన్నాను, "మీ కోడలు కారు ఆపిన తర్వాత ఈ సీట్లో ఒక పొడుగు మనిషి కూర్చున్నాడు. జారిన తర్వాత ఎవ్వరూ ముట్టలేదని మీరే అన్నారు. మరి ఎవరు కూర్చున్నట్టు?"

సంపత్ ఫోన్ జేబులో పెట్టుకుని, అవసరం లేకపోయినా, "నాకేం తెల్సు, నేను డ్యూటీకి వోయిన" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

అప్పుడు ఎదురు గుమ్మం నుంచి కాంతాబా గొంతు వినిపించింది.

"నానో బేఠో హతో. మేం జోయుం." చిన్నవాడే కూర్చున్నాడు, నేను చూశాను అని. తర్వాత మాకందరికీ అర్థం కావాలని హిందీలోకి దిగింది. బైకు బయటికి తీయడానికి కారు అడ్డమైతే, వాడు లోపల కూర్చుని కాస్త వెనక్కి జారనిచ్చాడు, బైకు తీసుకుని వెళ్లిపోయాడు. నిన్న ఆస్పత్రికి పోయేటప్పుడు కూడా చెప్పాను, మీరంతా రజిత మీద అరుస్తున్నారు, ఈ ముసలిదాని మాట విన్నదెవరు? అంది.

కాలు విరిగింది ఆమెది. కళ్లారా చూసింది ఆమె. ఆ గల్లీలో ఆమెను తప్ప అందరినీ అడిగారు. దీనికి నాకు ఎంత కోపం వచ్చిందో రాస్తే ఈ పత్రిక వేసుకోదు.

రమేశ్ మొదటిసారి నోరు తెరిచాడు. "ఏందిరా సంపత్?"

సంపత్ నేల చూస్తూ చెప్పాడు. "బండి తియ్యాలె గదనే. చావి ఇంట్లనే ఉండె, తీస్కొని జర ఎన్కకు జరిపిన, గంతే. హ్యాండ్‌బ్రేక్ గూడ ఏసిన. న్యూట్రల్ల పెట్టిన, ఎవ్వలకన్న జరపాల్నంటే ఉంటదని. మా కార్ఖానా కాడ అందరు గట్లనే పెడ్తరు. గేర్ల పెడ్తే సేఠ్ తిడ్తడు."

అతను అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. వరాఛాలో కార్ఖానాల కింద పార్కింగ్ చూసినవాళ్లకు ఎవరికైనా తెలుసు. స్థలం చాలక ఒక కారు వెనక ఇంకో కారు పెడతారు. వెనకాయన న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా పోవాలి. ముందాయన వచ్చి దాన్ని భుజంతో నెట్టి తన కారు తీసుకుంటాడు. అక్కడ అది మర్యాద. గేరులో పెట్టి పోయినవాడు మొరటువాడు. సంపత్‌కు కారు నడపడం రాదు. రోజూ అక్కడ కార్లు నెట్టీ నెట్టీ, కారు ఆపడమంటే న్యూట్రల్‌లో వదలడమే అనుకున్నాడు. సమనేల మీది మర్యాదను తెచ్చి నిచ్చెనలాంటి ర్యాంపు మీద పెట్టాడు. వాలు ఉందని హ్యాండ్‌బ్రేక్ కాస్త లాగాడు, అదే ఎక్కువనుకున్నాడు. తిన్నగా జారాలని స్టీరింగ్ కూడా సరిచేశాడు. రజిత పెట్టిన మూడు కాపలాలనూ ఒక్కచేత్తో ఎత్తేశాడు.

"మరి నేను పోయేటప్పుడు నిలవడ్డది గద మేడం? అప్పుడే ఎందుకు జారలే?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అరకొరగా పట్టిన బ్రేకు కాసేపు ఆపుతుంది, ఆపినట్టే ఉంటుంది. తర్వాత ఎవరైనా తలుపు ధడాలున వేసినా, నేల కాస్త అదిరినా పట్టు తప్పుతుంది. వాళ్ల పక్కింటి కింది అంతస్తులో పవర్‌లూమ్స్ ఉన్నాయి. నిన్న కరెంటు పోయి వచ్చిందట, మగ్గాలన్నీ ఒక్కసారే మొదలయ్యాయట, ఆ వెంటనే గల్లీలో పెద్ద చప్పుడైందని రజిత చెప్పింది. ఆ అదురుకే జారిందని నేను ప్రమాణం చేయలేను. కానీ ఆ గల్లీలో నేల ఎలా అదురుతుందో నిలబడి చూస్తే కాళ్లకే తెలుస్తుంది.

తెలియక చేసిన పనికి నాకు సంపత్ మీద అంత కోపం లేదు. కానీ సాయంత్రం ఇంటికొచ్చాక అతనికి అన్నీ తెలిశాయి. వదిన ఏడుస్తుంటే విన్నాడు. తండ్రి తిడుతుంటే విన్నాడు. పెట్టింది తిన్నాడు, పడుకున్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడితే మంగలానికే తప్పు అంటగడుతుంటే చూస్తూ ఊరుకున్నాడు.

అంతకన్నా పెద్ద కోపం ఆ తర్వాత వచ్చింది. లింగయ్య గొంతు సవరించుకుని అన్నాడు:

"సరే తియ్. పోరడు తెల్వక జేసిండు. అయిందేదో అయింది."

నేను ఊరుకోలేకపోయాను. "అదేంది పెద్దాయనా? కోడలు చేసిందనుకున్నప్పుడు ఆడోళ్లకు కారెందుకు అన్నారు. కొడుకు చేసిండని తేలినంక పోరడు తెల్వక చేసిండా? మగోళ్లకు కారెందుకు అని ఇప్పుడెందుకంటలేరు?"

"నువ్వు బయటి మనిషివి, మా ఇంటి లొల్లి నీకెందుకమ్మా" అన్నాడు. "కొన్నొద్దులు కారు పక్కకు పెడ్తం. గల్లీల మాట సల్లవడ్డంక సూద్దాం."

చూడండి విడ్డూరం. తప్పు ఎవరిదో తేలింది. శిక్ష మాత్రం మొదట ఎవరికి రాసి పెట్టారో వాళ్లకే. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది, చెయ్యి జేబు మీద ఉంది. రమేశ్ మళ్లీ నేల చూస్తున్నాడు. రజిత కుట్టాల్సిన చీరల మూటలు వరండాలో గోడ పక్కన పేర్చి ఉన్నాయి. వాటిని ఆ వారం ఎవరు తీసుకుపోతారో, వచ్చే వారం పని ఉంటుందో లేదో, అక్కడ ఆ ఒక్క మనిషికే పట్టింది.

ఇంతలో కాంతాబా కొడుకు బయటికి వచ్చాడు. ప్లాస్టర్‌కు ఆస్పత్రికి వేళవుతోంది, ఆటో పిలుస్తానన్నాడు. బా అక్కర్లేదంది. నిన్న ఆటోలో కాలు మడిచి కూర్చుని ప్రాణం పోయిందట. కారు వచ్చి గుమ్మానికే ఆని ఉంటే ఆటో ఎందుకంది. కొడుకు ఏదో నసిగాడు. బా గొంతు పెంచలేదు. "మనే రజితా లఈ జశే" అని ఊరుకుంది. నన్ను రజితే తీసుకుపోతుంది అని.

రజిత లింగయ్య ముందుకు వచ్చి నిలబడింది. చెయ్యి చాపింది.

"చావి ఇయ్యి మామా."

ఆయన పెద్దకొడుకు వైపు చూశాడు. రమేశ్ ఈసారి తల దించలేదు. "ఇయ్యి బాపూ" అన్నాడు చివరికి. రజిత చాపిన చెయ్యి తీయలేదు. గల్లీ మొత్తం చూస్తోంది. ఆయన తాళంచెవి తీసి ఇచ్చాడు, ఎవరికో అప్పు ఇస్తున్నట్టు ముఖం పెట్టుకుని.

నేను ముందు కారు చూశాను. వెనక బంపరు నొక్కుకుపోయింది గానీ చక్రానికి తగలడం లేదు. ఫుట్‌బ్రేక్ బాగుంది. ర్యాంపు మీద కొంచెం ఎక్కించి హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి చూశాను. పట్టింది, కదల్లేదు. అంటే బ్రేకులో లోపం లేదు, వేసిన చేతిలోనే ఉంది. కారు దించి అరుగు పక్కకు తెచ్చాను. బాను కొడుకూ రమేశూ కలిసి వెనక సీట్లో కాలు చాపుకునేలా కూర్చోబెట్టారు. రజిత సీటు ముందుకు లాక్కుంది, దిండు దులిపి వీపు వెనక పెట్టుకుంది.

ఆ ఇరుకు గల్లీలో కారు తిప్పాలంటే ఒక్కటే దారి. ముక్కు తమ ర్యాంపు మీదికి ఎక్కించి, వెనక్కి దిగుతూ తిప్పుకోవాలి. నిన్న జారిన ర్యాంపే. నేను కంగారు పడ్డాను, బా పడలేదు. రజిత ఎక్కించింది, ఆపింది, హ్యాండ్‌బ్రేక్ టిక్కు టిక్కుమంటూ చివరిదాకా లాగింది.

అప్పుడు సంపత్ మెట్లు దిగి గబగబా కారు వెనక్కి వెళ్లాడు. వదినకు సాయం చేద్దామనే, పాపం. చేతులు ఊపుతూ "ఆనే దో, ఆనే దో", రానీ రానీ అని హిందీలో అనడం మొదలుపెట్టాడు. రజిత రివర్స్ వేయలేదు. అద్దం దించి తల బయటపెట్టింది.

"ఎన్కకు నిలవడకు సంపత్. పక్కకు జరుగు."

గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. సంపత్ పక్కకు జరిగాడు. తనను ఎవరూ ఏమీ అనకపోయినా, లింగయ్య కూడా ఒక అడుగు లోపలికి వేశాడు. కారు మెల్లగా దిగింది, తిరిగింది, గల్లీ చివర మలుపు తిరిగి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చాను. ఎవరు చేరినా చివరి పాఠం వాళ్ల ఇంటి ముందే చెబుతాను. ఇంట్లో ఉన్నవాళ్లందరినీ, అత్తామామలతో సహా, బయటికి పిలిచి ఒక్కొక్కరి చేత హ్యాండ్‌బ్రేక్ లాగిస్తాను, గేరులో పెట్టిస్తాను. మగవాళ్లు నవ్వుతారు. "మాకెందుకు మేడం, మేం నడపం గద" అంటారు. నడపనివాళ్లే ముందు నేర్చుకోవాలని చెబుతాను. కారు నడపడానికి లైసెన్సు కావాలి గానీ, జార్చడానికి తాళంచెవి చేతికి అందితే చాలు.